పల్లె పిల్లల కళ్ళకు చేరిన మందు: యల్లాప్రగడ సుబ్బారావు జీవితం

2024 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశం గురించి ఒక శుభవార్త ప్రకటించింది. ట్రకోమా అనే కంటి జబ్బు భారతదేశంలో ఇక ప్రజారోగ్య సమస్య కాదని ధ్రువీకరించింది. ఆగ్నేయాసియా ప్రాంతంలో నేపాల్, మయన్మార్‌ల తరువాత ఈ మెట్టు ఎక్కిన మూడో దేశం మనదే. 1971లో మన దేశంలోని అంధత్వంలో సుమారు 5 శాతానికి ఈ ఒక్క జబ్బే కారణం. ఇప్పుడది ఒక శాతం కంటే తక్కువ.

ఈ విజయం వెనుక వేలాది మంది శ్రమ ఉంది. గ్రామాలు తిరిగిన ఆరోగ్య కార్యకర్తలు, రెప్పలు తిరగేసి చూసిన డాక్టర్లు, ఏడ్చే బిడ్డను ఒళ్ళో అదిమి పట్టుకుని కంట్లో మందు వేసిన తల్లులు అందరూ అందులో భాగస్థులే. ఆ తల్లులు వేసిన మందు ఎక్కడ పుట్టిందని వెతుక్కుంటూ వెళితే అమెరికాలోని ఒక మందుల కంపెనీ ప్రయోగశాల కనిపిస్తుంది. ఆ ప్రయోగశాలలో పరిశోధనలన్నిటికీ పెద్దగా ఉన్నవాడు మన భీమవరం మనిషి. పేరు యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన చనిపోయి 75 ఏళ్ళు దాటింది. పాఠ్యపుస్తకాల పుణ్యమా అని పేరు చాలామందికి తెలుసు గాని, ఆయన పనికీ పల్లెటూరి పసిపిల్లల కళ్ళకూ ఉన్న సంబంధం తెలిసినవారు తక్కువ.

చదువు అబ్బని కుర్రవాడు

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి, తల్లి వెంకమ్మ. ఏడుగురు సంతానంలో ఈయన నాలుగోవారు. ఇల్లు గడవడమే కష్టంగా ఉండేది. చిన్నతనంలో ఈ కుర్రవాడిని చూసి గొప్పవాడవుతాడని ఎవరూ అనుకుని ఉండరు. పదమూడేళ్ళ వయసులో డబ్బు సంపాదిద్దామని ఇల్లు విడిచి పారిపోయాడు. కాశీకి వెళ్ళి యాత్రికులకు అరటిపళ్ళు అమ్ముకోవాలని ఆలోచన. దారిలోనే పట్టుకుని ఇంటికి తెచ్చారు. తల్లి పట్టుబట్టి మళ్ళీ చదువులో పెట్టింది. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కాడు.

ప్రెసిడెన్సీ కాలేజీలో చదువుతున్నప్పుడు మనసు సన్యాసం మీదికి మళ్ళింది. రామకృష్ణ మఠంలో చేరిపోతానన్నాడు. తల్లి ససేమిరా ఒప్పుకోలేదు. చివరికి మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాడు. 1919లో శేషగిరితో పెళ్ళి జరిగింది. వైద్య చదువుకు ఖర్చు భరించింది మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి.

అవి స్వదేశీ ఉద్యమం రోజులు. సుబ్బారావు ఆపరేషన్ గదిలోకి ఖద్దరు గౌను వేసుకుని వెళ్ళాడు. అది తెల్లదొర అయిన సర్జరీ ప్రొఫెసరుకు నచ్చలేదు. ఫలితం డిగ్రీ మీద పడింది. పూర్తి ఎం.బి.బి.ఎస్. రాకుండా, దానికన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్ మాత్రమే చేతికొచ్చింది. ఆ కాగితంతో సర్కారు వైద్య ఉద్యోగం దొరకక, మద్రాసులో ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పే పనిలో కుదిరాడు.

ఆ రోజుల్లోనే ఇంట్లో పిడుగు పడింది. ఉష్ణదేశాల్లో వచ్చే స్ప్రూ అనే జబ్బు అన్నదమ్ములిద్దరిని కొద్ది రోజుల తేడాలో తీసుకుపోయింది. తిన్నది ఒంటికి పట్టక, నీళ్ళ విరేచనాలతో, రక్తం విరిగిపోయి మనిషి క్షీణించే జబ్బు అది. సుబ్బారావుకూ అదే జబ్బు చేసింది. లక్ష్మీపతిగారి వైద్యంతో ప్రాణం దక్కింది. వైద్యం చదివి కూడా తోడబుట్టినవారిని దక్కించుకోలేకపోయాననే బాధ, ఈ జబ్బులకు మందు కనిపెట్టాలనే పట్టుదల ఆ ఇంట్లోనే మొదలయ్యాయి.

బోస్టన్‌లో రాత్రి పని

1922 అక్టోబరు 26న సుబ్బారావు అమెరికాలోని బోస్టన్ నగరంలో దిగారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ, మామగారు కలిసి చేసిన సాయంతో సాగిన ప్రయాణం అది. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణదేశాల జబ్బుల వైద్యం చదవడానికి వెళ్ళారు. చేతిలో డబ్బు త్వరగానే అయిపోయింది. మన దేశపు వైద్య పట్టా అక్కడ డాక్టరు ఉద్యోగానికి పనికిరాలేదు. పీటర్ బెంట్ బ్రిగం ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు శుభ్రం చేసే పనికి కుదిరారు. రాత్రి ఆ పని, పగలు చదువు.

మన పల్లెల్లో ఆ పని చేసేవారిని ఎలా చూసేవారో మనకు తెలియనిది కాదు. అగ్రవర్ణ కుటుంబంలో పుట్టి, డాక్టరు చదువు చదివిన మనిషి ఆ పని చేపట్టడం చిన్న విషయం కాదు. ఆయన దాన్ని అవమానంగా తీసుకోలేదు.

ఆయన ఇల్లు విడిచిన తరువాత ఒక కొడుకు పుట్టాడు. ఆ బిడ్డ పసితనంలోనే చనిపోయాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడనేలేదు. భార్య శేషగిరిని కూడా ఆయన మళ్ళీ ఎన్నడూ చూడలేదు. ఇద్దరి మధ్యా సముద్రాలు అడ్డుగా ఉండగానే జీవితాలు గడిచిపోయాయి. సుబ్బారావు గొప్పతనం చెప్పేటప్పుడు ఆ ఇల్లాలు చెల్లించిన మూల్యాన్ని మరిచిపోతే మన లెక్క తప్పుతుంది.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ అనే శాస్త్రవేత్త దగ్గర పనిచేస్తూ, రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతిని 1925లో రూపొందించారు. ఫిస్క్–సుబ్బారావు పద్ధతి పేరుతో జీవరసాయన శాస్త్రం చదివేవారికి అది ఈనాటికీ పరిచయమే. తరువాత కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, శరీరం శక్తిని వాడుకోవడానికి ఆధారమైన ఏ.టి.పి. అనే పదార్థాన్ని గుర్తించారు. ఏ.టి.పి.ని అదే 1929లో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుగొన్నారు. 1930లో సుబ్బారావుకు పిహెచ్.డి. వచ్చింది. ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకు స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే ఊళ్ళో ఉన్న లెడర్లీ మందుల కంపెనీలో చేరారు. కొద్దికాలానికే పరిశోధనల డైరెక్టరు అయ్యారు.

మిగిలిన ఎనిమిదేళ్ళ జీవితంలో ఆయన జట్టు చేసిన పని చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. అన్నదమ్ములను తీసుకుపోయిన స్ప్రూ జబ్బుకు పనికొచ్చే ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారు చేశారు. ఈనాడు మన గర్భిణీ స్త్రీలకు ఐరన్‌తో కలిపి ఇచ్చే మాత్రలో ఉండేది అదే. దానికి విరుగుడుగా పనిచేసే అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు బోస్టన్‌లో రక్త క్యాన్సరు పిల్లలకు తాత్కాలికంగానైనా ఊరట తేగలిగారు. బోదకాలు జబ్బుకు డి.ఇ.సి. మందు కూడా ఆ జట్టుదే. బోదకాలు నివారణకు ఇంటింటికీ తిరిగి మింగించిన మాత్రలు మన కోస్తా జిల్లాల వారికి గుర్తుండే ఉంటాయి. వీటన్నిటి మధ్య వచ్చిందే పల్లె పిల్లల కళ్ళ దాకా వెళ్ళిన మందు.

రెప్ప కింద ఇసుక

ఆ మందు విలువ తెలియాలంటే ముందు ఆ జబ్బు సంగతి తెలియాలి. ట్రకోమా పసితనంలో మొదలై పెద్దతనంలో గుడ్డితనం తెచ్చే జబ్బు. కారణం క్లమీడియా అనే చిన్న సూక్ష్మజీవి. పిల్లవాడి కంటి పుసిలో, చీమిడిలో అది ఉంటుంది. తల్లి పైట కొంగుతో ఒక బిడ్డ ముఖం తుడిచి, అదే కొంగుతో రెండో బిడ్డ ముఖం తుడుస్తుంది. ఒకే తువ్వాలు, ఒకే పక్క, ఒకే కాటుక వేలు. ముఖం మీద వాలే ఈగలు మిగతా పని చేస్తాయి. నీళ్ళు దూరం నుంచి మోసుకు రావలసిన ఊళ్ళలో, తాగడానికి ఉంచిన కుండెడు నీళ్ళతో పిల్లల ముఖాలు రోజుకు రెండుమూడుసార్లు కడగమంటే ఏ తల్లికి సాధ్యం? అందుకే ఇది పేదల జబ్బు, నీళ్ళు లేని ఊళ్ళ జబ్బు. మన దేశంలో పంజాబ్, రాజస్థాన్ లాంటి పొడి ప్రాంతాల్లో ఎక్కువగా, దక్షిణాదిలో తక్కువగా ఉండేది.

మొదట కళ్ళు ఎర్రబడి పుసి కడతాయి. పైరెప్పను తిరగేసి చూస్తే లోపల ఇసుక రేణువుల్లాంటి పొక్కులు కనిపిస్తాయి. ఒకసారి వచ్చి తగ్గితే పెద్ద ప్రమాదం లేదు. కాని ఇంట్లో అన్నదమ్ముల నుంచి, ఆడుకునే పిల్లల నుంచి మళ్ళీ మళ్ళీ అంటుకుంటుంది. అంటిన ప్రతిసారీ రెప్ప లోపల మచ్చ కడుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ మచ్చలు బిగుసుకుని రెప్ప లోపలికి ముడుచుకుపోతుంది. రెప్పవెంట్రుకలు లోపలికి తిరిగి, కన్ను మూసి తెరిచినప్పుడల్లా నల్లగుడ్డును గీకుతాయి. చివరికి కంట్లో పువ్వు వేసి చూపు పోతుంది. పిల్లలను ఎత్తుకుని పెంచేది ఆడవాళ్ళే కాబట్టి, జబ్బు మళ్ళీ మళ్ళీ అంటేదీ, ఎక్కువగా చూపు కోల్పోయేదీ వాళ్ళే.

పాతకాలంలో దీనికి వైద్యం అంటే రెప్ప తిరగేసి మైలుతుత్తం పలుకుతో రుద్దడం. పిల్లలు మంటతో కేకలు పెట్టేవారు. నెలల తరబడి చేయించుకోవాలి. అమెరికాకు వలస వచ్చేవారి రెప్పలు ఓడరేవుల్లో తిరగేసి చూసి, ట్రకోమా ఉంటే వచ్చిన ఓడలోనే తిప్పి పంపేవారు. సుబ్బారావు బోస్టన్‌లో దిగిన నాటికి కూడా ఆ నియమం ఉంది. 1938లో అమెరికా ఆదివాసీ పిల్లలకు సల్ఫా మందులు ఇచ్చి చూసినప్పుడు మొదటిసారి నిజమైన ఆశ కనిపించింది. కాని సల్ఫా మింగితే కొందరికి ఒంటి మీద దద్దుర్లు, ఇతర చిక్కులు వచ్చేవి. ఊరూరా వేలాది పిల్లలకు నిర్భయంగా ఇవ్వగలిగిన మందు కావలసి వచ్చింది.

బంగారు రంగు సూక్ష్మజీవి

రెండో ప్రపంచ యుద్ధం నాటికి పెన్సిలిన్ వచ్చింది, వెంటనే స్ట్రెప్టోమైసిన్ వచ్చింది. రెండూ గొప్ప మందులే. కాని రెండిటికీ లొంగని జబ్బులు చాలా మిగిలాయి. పైగా స్ట్రెప్టోమైసిన్ చెవిని దెబ్బతీసేది. ఇంకా ఎక్కువ రకాల క్రిములను చంపుతూ, మనిషికి తక్కువ హాని చేసే మందు మట్టిలో దొరుకుతుందేమో వెతకాలని సుబ్బారావు తన ప్రయోగశాలను ఆ దారి పట్టించారు.

ఆ వెతుకులాటకు తోడుగా నిలిచినవారు బెంజమిన్ డగ్గర్. అప్పటికే డెబ్బై దాటిన వృక్షశాస్త్ర ఆచార్యుడు. విశ్వవిద్యాలయం వయసు చూసి ఆయనను విశ్రాంతికి పంపేసింది. లెడర్లీ ఆ ముసలాయనకు పని ఇచ్చింది. అనేక చోట్ల నుంచి మట్టి నమూనాలు తెప్పించారు. మిస్సోరి విశ్వవిద్యాలయపు పొలం నుంచి వచ్చిన మట్టిలో 1945లో బంగారు రంగు సూక్ష్మజీవి ఒకటి డగ్గర్ కంటబడింది. అది విడుదల చేసే పదార్థం పెన్సిలిన్‌కు లొంగని క్రిములను కూడా అణచగలిగింది. బంగారానికి లాటిన్ మాట ఆధారంగా దానికి ఆరియోమైసిన్ అని పేరు పెట్టారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే తొలి మందు.

ఇక్కడ మనం న్యాయంగా మాట్లాడాలి. ఆరియోమైసిన్‌ను సుబ్బారావు ఒక్కరే కనిపెట్టారని మనవాళ్ళు అభిమానంతో చెప్పుకోవడం వింటుంటాం. సూక్ష్మజీవిని గుర్తించినది డగ్గర్. పేటెంటు కూడా డగ్గర్ పేరు మీదనే ఉంది. వెతకాలని నిర్ణయించి, మనుషులను కూర్చి, రసాయన పరీక్షల నుంచి జంతువుల మీద, రోగుల మీద పరీక్షల దాకా ఆ పనంతా నడిపించిన పెద్ద సుబ్బారావు. ఇంకొకరి వాటా తీసి ఆయనకు కట్టబెట్టనక్కరలేదు. ఆయన వాటా ఆయనకు చాలు. బతికి ఉన్నప్పుడు కూడా ఆయన పేరు కోసం ముందు వరుసలోకి వచ్చిన మనిషి కాదు.

1948 జూలైలో న్యూయార్క్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ సమావేశంలో ఆరియోమైసిన్‌ను లోకానికి ప్రకటించారు. మూడు వారాలు కూడా గడవకముందే, ఆగస్టు 8న సుబ్బారావు గుండెపోటుతో కన్నుమూశారు. వయసు 53. చివరి దాకా అమెరికా పౌరసత్వం తీసుకోలేదు. స్వతంత్ర భారతదేశాన్ని కళ్ళారా చూడనూలేదు. మందు ఆ ఏడాది చివర్లో అమ్మకానికి వచ్చింది. అది ఎక్కడెక్కడికి వెళ్ళిందో, ఎవరెవరి కళ్ళలో పడిందో ఆయనకు తెలియలేదు.

ట్యూబులో ఊరికి వచ్చిన మందు

ఆ 1948లోనే కంటి డాక్టర్లు ఆరియోమైసిన్ చుక్కలను కంటి జబ్బుల మీద పరీక్షించడం మొదలుపెట్టారు. ట్రకోమా మీద అది పనిచేసింది. విచిత్రం ఏమిటంటే అప్పటికి ఆ జబ్బు తెచ్చే క్రిమిని ప్రయోగశాలలో ఎవరూ పెంచలేకపోయారు. వైరస్ కాబోలనుకునేవారు. చైనాలో తాంగ్ ఫేఫాన్ అనే శాస్త్రవేత్త కోడిగుడ్లలో దాన్ని పెంచి 1957లో లోకానికి చూపించారు. అంటే శత్రువు చేతికి చిక్కకముందే ఆయుధం సిద్ధమైంది.

1950ల ఆరంభంలో మొరాకో పల్లెల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ సాయంతో ఊళ్ళకు ఊళ్ళే ఆరియోమైసిన్ ఆయింట్‌మెంటు వేయించారు. మన దేశంలో 1956లో ట్రకోమా పైలట్ ప్రాజెక్టు మొదలైంది. 1963లో అది జాతీయ కార్యక్రమం అయింది. ఈ లోగా ఆరియోమైసిన్ అణువు నుంచి క్లోరిన్‌ను తొలగిస్తే ఇంకా మెరుగైన మందు వస్తుందని ఫైజర్ కంపెనీలో లాయిడ్ కానోవర్ కనుగొన్నారు. అదే టెట్రాసైక్లిన్. మన ఆసుపత్రుల్లో ఒక శాతం టెట్రాసైక్లిన్ కంటి ఆయింట్‌మెంటుగా పేదలకు అందినది అదే.

చవకైన మందు, ఐస్‌పెట్టె అక్కరలేదు, సూది అక్కరలేదు. అయినా పని సులువు కాలేదు. రోజుకు రెండుసార్లు, ఆరు వారాల పాటు వేయాలి. కింది రెప్పను కొంచెం లాగి, సన్నని గీతలా మందు వేసి, కన్ను మూయించాలి. చూపు కాసేపు మసకబారుతుంది, రెప్పలు జిగటగా అంటుకుంటాయి. పిల్లవాడు ఏడుస్తాడు, కళ్ళు నులుముకుంటాడు. నాలుగు రోజులకు కళ్ళు తేటపడగానే, ఇంకెందుకులే అని తల్లి ట్యూబును గూట్లో పెట్టేస్తుంది. అందుకే కొన్నిచోట్ల నెలకు ఐదు రోజుల చొప్పున ఆరు నెలలు వేసే పద్ధతి పెట్టారు. బడి పిల్లలను వరుసలో నిలబెట్టి ఉపాధ్యాయులే వేస్తే సగం చిక్కు తీరేది.

ఇంకో పాఠం కూడా అనుభవం నేర్పింది. ఒక్క బిడ్డకు మాత్రం మందు వేస్తే లాభం లేదు. పక్కనే పడుకునే చెల్లెలి కంట్లో క్రిమి ఉన్నంతకాలం అన్నకు మళ్ళీ అంటుతుంది. కాబట్టి జబ్బు ఎక్కువగా ఉన్న ఊళ్ళో అందరికీ ఒకేసారి మందు ఇవ్వాలి. మందుతో పాటు నీళ్ళు, మరుగుదొడ్లు, కడిగిన ముఖాలు ఉండాలి. రెప్ప ముడుచుకుపోయినవారికి చిన్న ఆపరేషన్ చేయాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ నాలుగింటినీ ఒక్క పథకంగా కట్టింది. 1998 నుంచి ఫైజర్ కంపెనీ అజిత్రోమైసిన్ అనే మరో మందును ఈ పనికి ఉచితంగా ఇస్తోంది. దాన్ని ఒక్క మోతాదు మింగితే చాలు. పిల్లల బరువు తూచే అవసరం లేకుండా, గుర్తులు గీసిన కర్ర పక్కన నిలబెట్టి ఎత్తును బట్టి మందు ఇస్తారు. అయినా ఆరు నెలల లోపు పసికందులకు ఈనాటికీ టెట్రాసైక్లిన్ ఆయింట్‌మెంటే వాడతారు. అంటే ఆ బంగారు రంగు సూక్ష్మజీవి వంశం ఇంకా సేవలోనే ఉంది.

మన దేశంలో 2014 నుంచి 2017 వరకు జరిగిన సర్వేలో పిల్లల్లో ట్రకోమా 0.7 శాతానికి పడిపోయినట్టు తేలింది. తొమ్మిదేళ్ళ లోపు పిల్లల్లో ఐదు శాతం కంటే తగ్గాలన్నది లక్ష్యాల్లో ఒకటి. మరిన్ని పరిశీలనల తరువాత 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరణ వచ్చింది. ఇథియోపియా లాంటి దేశాల్లో ఈ జబ్బు ఇంకా పెద్ద భారమే. ప్రపంచం మొత్తం మీద దీనివల్ల చూపు పోయినవారు, చూపు దెబ్బతిన్నవారు సుమారు 19 లక్షల మంది ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క.

మన ఇళ్ళలో, మన సంఘాల్లో

స్వస్థత పొందిన పదిమందిలో ఒక్కడే వెనుదిరిగి వచ్చి కృతజ్ఞత చెప్పిన సంగతి మన సంఘాల్లో ప్రతి బిడ్డకూ తెలుసు. సుబ్బారావు విషయంలో మనం ఆ తొమ్మిదిమంది వైపు ఉండకూడదు. ఆయన మన మతస్థుడు కాడన్నది ఇక్కడ అడ్డంకి కాదు. ఆయన జట్టు చేసిన మందు ఎవరి బిడ్డ కంట్లో వేయాలో కులం చూసి, మతం చూసి పనిచేయలేదు.

కృతజ్ఞత మాటతో సరిపోదు. ఆయన చేసిన దానికి మనం చేయగల మిగతా సగం ఒకటుంది. మందు తయారు చేసినవాడు తన పని చేసి వెళ్ళాడు. దాన్ని సరిగా వాడటం ఇంట్లోవారి పని. మన ఊళ్ళలో ట్రకోమా తగ్గినా కళ్ళకలకలు, ఇతర కంటి అంటువ్యాధులు ప్రతి ఏడూ వస్తూనే ఉన్నాయి. పిల్లవాడి కళ్ళు ఎర్రబడగానే మందుల షాపుకు వెళ్ళి ఏదో చుక్కల సీసా తెచ్చుకోవడం మనలో చాలామందికి అలవాటు. అలా అమ్మే చుక్కల్లో కొన్నిటిలో స్టిరాయిడ్ ఉంటుంది. ఎరుపు ఒక్కరోజులో తగ్గినట్టు కనిపిస్తుంది గాని, లోపల క్రిమి పెరగవచ్చు, ఎక్కువ కాలం వాడితే చూపుకే ముప్పు రావచ్చు. నిరుటి ట్యూబులో మిగిలిన మందు ఈ ఏడాది వేయడం, అక్కకు రాసిన మందు తమ్ముడికి వేయడం కూడా తగదు. డాక్టరు ఎన్ని రోజులు చెబితే అన్ని రోజులు వేయాలి. సగంలో మానేస్తే మిగిలిన క్రిములు మందుకు లొంగకుండా ముదరవచ్చు. టెట్రాసైక్లిన్‌ను కంట్లో ఆయింట్‌మెంటుగా వేయడం వేరు, మాత్రగా మింగించడం వేరు. ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు ఆ మాత్రలు ఇస్తే పళ్ళ రంగు శాశ్వతంగా మారిపోవచ్చు. అందుకే డాక్టరు చెప్పకుండా ఇవ్వకూడదు.

ఆదివారం బడికి వచ్చే పిల్లల ముఖాలను టీచర్లు ఒక్కసారి గమనించండి. ఏ బిడ్డ కళ్ళకు పుసి కట్టి ఉందో, ఏ బిడ్డ వెలుతురు చూడలేక కళ్ళు చికిలిస్తోందో కనిపెట్టండి. ఆ బిడ్డను నలుగురిలో మందలించకుండా, తల్లితో పక్కన మాట్లాడి ప్రభుత్వ ఆసుపత్రికి పంపండి. ఇంట్లో ఎవరి తువ్వాలు వారికి ఉండాలని, ఒకే కాటుక అందరికీ పెట్టకూడదని చెప్పండి. గుడి ఆవరణలో కుళాయి దగ్గర సబ్బు ఉందో లేదో చూడటం సంఘ పెద్దలకు పెద్ద పని కాదు. ముసలివారెవరైనా కంట్లో వెంట్రుకలు గుచ్చుకుంటున్నాయని అంటే వయసు మీద పడిందని వదిలేయకండి. చిన్న ఆపరేషన్‌తో ఆ కన్ను దక్కవచ్చు.

మెట్రిక్ రెండుసార్లు తప్పిన కుర్రవాళ్ళు, తక్కువ పట్టా చేతికొచ్చి తలవంచుకుని ఇంట్లో కూర్చున్న యువకులు మన సంఘాల్లోనూ ఉన్నారు. రాత్రిపూట ఆసుపత్రుల్లో పాత్రలు కడిగే అక్కలు, అన్నలు ఉన్నారు. వారికి భీమవరం సుబ్బారావుగారి కథ చెప్పండి. పరీక్ష తప్పడం, ఆ పని చేయడం రెండూ ఆయన జీవితంలో ఉన్నవే. తరువాత ఆయన ఏం చేశారో కూడా చెప్పండి.